కుంటాల జలపాతము

హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున, మూసీనది యొడ్డున అంబర్‌పేట యున్నది. వికారాబాదు సమీపమున అనంతగిరి కొండలలో నిర్మలముగా పుట్టిన మూసీ, నగరము నడుమగా ప్రవహించి యచ్చటికి వచ్చుసరికి మురుగుతో నల్లబారిపోవును. ఆ మురుగును శుద్ధిచేయుటకు అంబర్‌పేటలోనే యొక పెద్ద కేంద్రము నెలకొల్పబడినది. కావున ఆ పేటలోను, దాని కావలనున్న ఉప్పల్, నాచారములలోను పెరుగు బాలురకు నది యనగా వంతెనపైనుండి ముక్కు మూసికొని చూచునదియే గాని, దిగి యీదునది కాదు. అట్టివారు వానకాలము వెడలిన పిమ్మట ఆదిలాబాదు అడవులకు పోయి, కొండబండలపైనుండి దుముకు తెల్లని నీటిని మొదటిసారి చూచినప్పుడు పొందు ఆనందము ఇంతింత యని చెప్పరానిది. వెంటనే చొక్కా విప్పి మడుగులో దుమికవలెనని తోచుటయు సహజమే. ప్రమాదమునకు మొదలు కూడ అదియే.

కుంటాల జలపాతము ఆదిలాబాదు జిల్లా నేరడిగొండ మండలమున కడెం నదిపై నున్నది. హైదరాబాదునుండి 44వ నంబరు జాతీయ రహదారిపై ఉత్తరముగా సుమారు 260 కిలోమీటర్లు పోవలెను. నిర్మల్ దాటిన పిమ్మట రహదారి మెలికలు తిరుగుచు ఘాటు నెక్కును; అటుపిమ్మట అంతయు టేకుచెట్ల యడవి. ప్రక్కదారిని పోయి, కొండవాలున మెట్లు దిగినగాని నీరు కనబడదు. దాని హోరు మాత్రము అంతకు ముందే వినవచ్చును. సుమారు 45 మీటర్ల యెత్తునుండి అంచెలంచెలుగా పడు ఈ ధార తెలంగాణములోని జలపాతములలో మిక్కిలి యెత్తైనదని పేరుపొందినది. ఇచ్చట వెలసిన సోమేశ్వరుని సేవించుటకు శివరాత్రినాడు చుట్టుపట్ల గ్రామములనుండి జనులు వత్తురు.

దుష్యంతుని భార్యయైన శకుంతల ఇచ్చట విహరించినదనియు, ఆమె పేరే ఈ స్థలమునకు వచ్చినదనియు ఒక కథ కలదు. కుంటలు గల చోటు గావున కుంటాల యైనదని మరికొందరందురు. కథ యెంత రమ్యమైనను, బండల నడుమ కుంట వెంట కుంట నిండియున్న ఆ తావును కన్నులార చూచినవారికి రెండవ మాటయే సమంజసముగా తోచును.

ఆ కుంటలు ఏర్పడు విధమును తెలిసికొన్నచో వాని స్వభావము బోధపడును. గాలి యడ్డు లేనిచో, 20 మీటర్ల యెత్తునుండి పడిన నీరు నేలను తాకునప్పటికి సెకనుకు సుమారు 20 మీటర్ల వేగమును పొందును. అది గంటకు 70 కిలోమీటర్లకు పైమాట. రహదారిపై పరుగెత్తు బస్సు వేగము. అంత బలముతో నీరు రేయింబవళ్లు ఒకేచోట మొత్తుచుండగా బండ యైనను నిలువజాలదు. నీరు పగుళ్లలో దూరి రాతిముక్కలను పెకలించును. ఆ ముక్కలు సుడిలో పడి గిరగిర తిరుగుచు, రోటిలోని పొత్రమువలె అడుగును అరగదీయును. పొత్రము అరిగి గుండ్రనగును. రోలు అంతకంతకు లోతగును. ఇట్లు వేలయేండ్లు జరుగగా ఏర్పడిన మడుగు, మన యూరి చెరువువలె మెల్లమెల్లగా లోతుకు దిగదు. మోకాలిలోతు నీటిలో నిలిచినవాడు మరి రెండడుగులు వేసినంతనే నిలువులోతున కంటె మించిన గోతిలో పడవచ్చును. ఆ గోతి యంచులు పాచిపట్టి నున్నగా నుండును గావున పట్టు దొరకదు.

పూర్వము పల్లెలలో పిల్లలు నడుమునకు ఎండిన సొరకాయబుర్రలో, బెండ్లో కట్టుకొని బావులయందు ఈత నేర్చుకొనెడువారు. నేటి నగరబాలురు ఈతకొలనులలో నేర్చుకొందురు. రెండును నిలువనీరే. జలపాతము క్రింది నీటి తీరు వేరు. పడుధారతోపాటు గాలి బుడగలు బుడగలుగా లోనికి పోవుటచే అచ్చటి నీరు నురుగై తేలికపడును. తేలికపడిన నీరు దేహమును పైకెత్తజాలదు. అంతియేగాక, ధార పడుచోట అడుగునకు పోయిన నీరు కొంత దూరమున పైకి లేచి, పైపొరలో మరల ధార వైపునకే మరలుచుండును. ఈదువాడు ఒడ్డు వైపు చేతులు వేయుచున్నను నీరు వానిని వెనుకకు లాగును. మంచి ఈతగాండ్రు సయితము ఇట్టిచోట్ల ప్రాణములు కోల్పోవుటకు కారణ మిదియే. కుంటాలలో నట్లు మడిసిన యువకులు పలువురు.

మరియొక యపాయము కంటికి కనబడనిది. మడుగువద్ద ఎండ కాయుచుండగనే ఎగువ నడవిలో కుండపోతగా వాన కురిసియుండవచ్చును. కడెం నది యెంత త్వరగా పొంగునో దాని యానకట్ట చరిత్రయే తెలుపును: 1958 ఆగస్టులో నీరు పైనుండి పొర్లి కట్ట తెగినది, 2022 జూలైలో వరద మరల కట్టమీదుగా పోయినది గాని కట్ట నిలిచినది. అంబర్‌పేట బాలురకు ఈ సంగతి తమ నదివలననే తెలియదగినది. 1908 సెప్టెంబరు 28న, ఎగువన కురిసిన భారీవర్షమునకు మూసీ పొంగి హైదరాబాదులో వేలకొలది జనులను పొట్టన పెట్టుకొన్నది. అఫ్జల్‌గంజులోని యొక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రదికిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి యావరణలో నున్నది. తరువాతనే 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు సిద్ధమైనవి. అడవివాగునకు అట్టి కాపు లేదు. తేటనీరు ఎఱ్ఱబారుట, ఆకులును పుల్లలును కొట్టుకొనివచ్చుట, హోరు హెచ్చుట, ఇవి వరదరాకకు గుర్తులు. చూచిన తక్షణమే సామానులను విడిచియైనను గట్టెక్కవలెను.

అడవిలో విడిదిచేయువారు ముందుగా అటవీశాఖవారి యనుమతి పొందవలెను. చదునుగాను మెత్తగాను ఉన్నదని ఇసుకతిన్నెపై గుడారము వేయుట తెలివిమాలిన పని; ఆ యిసుకను తెచ్చి పోసినది వరదయే. ఒడ్డున చెట్లమొదళ్లను పరిశీలించినచో, కొమ్మలకు చిక్కుకొన్న ఎండుగడ్డియు చెత్తయు కనబడును. గతవరద అంత యెత్తు వచ్చినదన్నమాట. దానికి బాగుగా పైన గుడారము వేయవలెను.

ఎవడేని మడుగులో పడినచో తోడివాడు వెంటనే దుముకరాదు. మునుగువాడు చేజిక్కిన దానిని వదలడు. రక్షింపవచ్చినవాని మెడనే పట్టుకొనును. ఒడ్డున బోరగిల పరుండి వెదురుకఱ్ఱ చాపవలెను. త్రాడుగాని, ముడివేసిన పంచెలుగాని విసరవలెను. మూతబిగించిన ఖాళీడబ్బా యైనను చాలును. ఈ లోపల మరియొకడు గ్రామమునకు పరుగెత్తవలెను.

వేసవిలో ఇట్టి కొండవాగులు సన్నగిల్లి, బండలు బయటపడును. అప్పుడు పోయినవారికి, వానకాలమున నురుగుచాటున దాగియుండిన గుంతలు రోళ్లవలె నోళ్లు తెరచుకొని కనబడును. వానిలో కొన్నింటి యడుగున నున్నని గుండ్రాళ్లు, తరువాతి వరదకై వేచియున్నట్లు, పడియుండును.