సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి

ఆఫ్రికా ఉత్తర తీరమున, నేటి లిబియా దేశములో, లెప్టిస్ మాగ్నా అను నగరపు శిథిలములు కలవు. రోము చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ క్రీ.శ. 145లో ఆ నగరమున జన్మించెను. అచటి ప్రజల భాష ప్యూనిక్. ఏలువారి భాష లాటిన్. బాలుడు రెండింటిని నేర్చెను. వార్ధక్యము వరకు ఆతని పలుకున స్వదేశపు యాస వీడలేదని ఒక ప్రాచీన గ్రంథము చెప్పుచున్నది. అయినను ఆ యాస ఆతని యున్నతికి అడ్డు రాలేదు.

193లో రోమునందలి రాజరక్షక భటులు పెర్టినాక్స్ చక్రవర్తిని చంపి, సింహాసనమును వేలము వేసిరి. డిడియస్ జూలియానస్ అను ధనికుడు దానిని కొనెను. అప్పుడు డాన్యూబ్ నదీ ప్రాంతమున పాలకుడుగా నున్న సెవెరస్‌ను సైనికులు చక్రవర్తిగా ప్రకటించిరి. అతడు రోముపైకి నడచెను. జూలియానస్ సెనేటు ఆజ్ఞచే వధింపబడెను. ద్రోహులైన భటులను సెవెరస్ నిరాయుధులను జేసి వెడలగొట్టెను.

ఇంకను ఇద్దరు ప్రత్యర్థులు మిగిలిరి. తూర్పున పెసెనియస్ నైజర్‌ను 194లో ఇస్సస్ వద్దను, పడమట క్లోడియస్ ఆల్బినస్‌ను 197లో నేటి ఫ్రాన్సునందలి లియోన్ వద్దను ఓడించెను. పిదప పార్థియనుల రాజధాని టెసిఫోన్‌ను పట్టుకొని, మెసొపొటేమియాను రాజ్యమున జేర్చెను. హాత్రా కోటను మాత్రము రెండు మారులు ముట్టడించియు సాధింపజాలకపోయెను. విద్యార్థులారా! భూపటమున ఈ స్థలములను గుర్తించినచో ఆతని దండయాత్రల దూరము మీకే బోధపడును.

ఆతని బలమంతయు సైన్యమే. కనుక సైనికుల జీతములు పెంచెను. భార్యలతో కాపురముండ ననుమతించెను. బొక్కసముపై భారము పెరిగెను; సెనేటు గౌరవము తగ్గెను.

208లో, కీళ్లవాతముతో బాధపడుచునే, కుమారులైన కారకల్లా, గేటాలను వెంటగొని బ్రిటనుపై దండెత్తెను. 211 ఫిబ్రవరిలో, నేటి యార్క్ నగరమున మరణించెను. మీరిద్దరు కలసి యుండుడు, సైనికులను ధనవంతులను జేయుడు, తక్కినవారిని లెక్కింపకుడు అని అంత్యకాలమున కుమారులకు చెప్పెనట. రెండవ మాటను కారకల్లా పాటించెను, మొదటిది మరచెను. ఆ సంవత్సరాంతముననే తల్లి యొడిలో నున్న తమ్ముని చంపించెను.

సెవెరస్ విజయములకు గుర్తుగా 203లో కట్టిన తోరణము రోమున నేటికిని నిలిచియున్నది. దాని శాసనమున గేటా పేరును తొలగించి, వేరు మాటలు చేర్చిరి. పాత అక్షరములకై తొలిచిన రంధ్రములు ఇప్పటికిని కనబడును. రాజ్యములను గెలిచిన తండ్రి తన యింట ఇద్దరిని కలుపలేకపోయెనని ఆ రాయియే చాటుచున్నది.