అందరి చేతుల కళ

మదనపల్లె పట్టణంలోని నీరుగట్టువారిపల్లె పట్టుచీరల నేతకు పేరుగాంచిన ప్రాంతం. ఒక చీర మగ్గం మీది నుండి దిగేలోపు ఎన్ని చేతుల మీదుగా సాగివస్తుందో దగ్గరగా చూసినవారికే తెలుస్తుంది. దారానికి రంగు వేసేవారు కొందరు, పడుగు సిద్ధం చేసేవారు మరికొందరు, పోగుకు పోగు అతికేవారు ఇంకొందరు. నేతపని సాగే ఇళ్లలో చూపు మందగించిన వృద్ధురాలు సైతం రాట్నం ముందు కూర్చొని వేళ్ల స్పర్శతోనే కండెలు చుట్టగలదు. నీకు కళ వచ్చునా అని ఆమెను ఎవరూ ప్రశ్నించరు. ఆమె చుట్టిన కండె లేకపోతే మగ్గంలో నాడె ఆడదు.

మన పూర్వులు అరవైనాలుగు కళలను పేర్కొన్నారు. గానం, నృత్యం, చిత్రలేఖనం వంటివాటితోపాటు పూలదండలు గుచ్చడం, సూదిపని, బియ్యంతోను పువ్వులతోను ముగ్గులు తీర్చడం కూడా ఆ పట్టికలో చేరాయి. అంటే నేర్పు గల చేతిపని ఏదైనా వారి దృష్టిలో కళయే. కాలక్రమాన కళకు వేదిక వచ్చింది, పోటీ వచ్చింది, న్యాయనిర్ణేతలు వచ్చారు. వారితోపాటు ఒక గడప కూడా వచ్చింది. కనబడనివారు, వినబడనివారు, నడవలేనివారు, నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టేవారు ఆ గడపకు ఇవతలే నిలిచిపోయారు. ముందుగా యోగ్యతను నిరూపించుకొని లోపలికి రావాలా, లేక లోపలికి రానిచ్చి ఎవరికి ఏది తగునో వెతకాలా అన్నదే ఇక్కడి ప్రశ్న. చిత్తూరు సీమలోని పడమటి ప్రాంతానికి ఈ ప్రశ్నతో చిరకాల పరిచయం ఉంది.

1895లో మదనపల్లెలో ఒక బాలుడు జన్మించాడు. తరచు జబ్బుపడుతూ, ఎప్పుడూ పరధ్యానంగా ఉండే ఆ పిల్లవాణ్ణి ఉపాధ్యాయులు మందబుద్ధిగా లెక్కగట్టారు. పాఠం అప్పజెప్పలేకపోయినందుకు బడిలో దెబ్బలు కూడా తిన్నాడు. ఆయనే తరువాతి కాలంలో ప్రపంచ ప్రఖ్యాతి పొందిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి. బడిలో వెనుకబడిన ప్రతి బిడ్డా తత్త్వవేత్త అవుతాడని దీని అర్థం కాదు. అలా కాకపోయినా ఆ బిడ్డకు బడిలో చోటు ఉండవలసిందే. ఇక్కడ గ్రహించవలసినది కొలబద్దలోని లోపాన్ని మాత్రమే.

ఆయన ఆలోచనల ప్రేరణతో మదనపల్లె సమీపాన వెలసిన రిషీవ్యాలీ విద్యాసంస్థ పరిసర గ్రామాల పిల్లల కోసం కూడా బడులు నెలకొల్పింది. 1980ల చివరి నుండి రమ, పద్మనాభరావు దంపతులు ఆ బడులలో ఒక కొత్త బోధనా పద్ధతిని తీర్చిదిద్దారు. అందులో తరగతి మొత్తానికి ఒకే పాఠం, ఒకే వేగం ఉండవు. చిన్నచిన్న పాఠాల కార్డులు నిచ్చెన మెట్లవలె వరుసగా ఉంటాయి. ప్రతి బిడ్డా తాను ఆగిన మెట్టు నుండి తన వేగంతో ముందుకు సాగుతాడు. నిదానంగా ఎక్కే పిల్లవాడు తప్పినట్లు కాదు, ఇంకా ఎక్కుతున్నట్లు. కళాబోధనకు కూడా ఇంతకంటే అనువైన మార్గం దొరకడం కష్టం.

1919వ సంవత్సరం మదనపల్లె చరిత్రలో చిరస్మరణీయమైనది. ఆ ఏడాది ఫిబ్రవరిలో విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూర్ బిసెంట్ థియోసాఫికల్ కళాశాలకు అతిథిగా విచ్చేశారు. ఐర్లండుకు చెందిన కవి జేమ్స్ కజిన్స్ అప్పుడు అక్కడ ప్రిన్సిపాల్. ఆ కళాశాలలో వారానికొక సాయంకాలం విద్యార్థులు, అధ్యాపకులు కలిసి కూర్చొని పాటలు పాడుకునే అలవాటు ఉండేది. అది సంగీత కచేరీ కాదు. పాడవచ్చినవారు, రానివారు కలిసి కూర్చున్న సభ. ఆ సభలోనే ఠాగూర్ ‘జనగణమన’ గీతాన్ని వంగభాషలో ఆలపించగా, తక్కినవారు పల్లవి అందుకున్నారు. దాని ఆంగ్లానువాదం మదనపల్లెలోనే ఫిబ్రవరి 28న పూర్తయింది. కజిన్స్ సతీమణి మార్గరెట్ ఆ బాణీని స్వరబద్ధం చేశారు. ఒక జాతి పాడుకోవలసిన గీతం బృందగానపు సాయంకాలంలో ఇలా వినిపించడం ఎంతో సముచితంగా తోస్తుంది.

అదే 1919లో ఠాగూర్ శాంతినికేతనంలో కళాభవన్ ప్రారంభమైంది. తొలి విద్యార్థులలో వినోద్ బిహారీ ముఖర్జీ ఒకరు. ఆయనకు చిన్ననాటి నుండే ఒక కంటికి చూపు లేదు, రెండవ కంటికి కూడా చూపు చాలా తక్కువ. ఇటువంటి బాలుడు చిత్రకళ ఎలా అభ్యసించగలడని ఆచార్యులు నందలాల్ బోస్ సందేహించగా, శ్రద్ధ ఉన్నంతవరకు అతణ్ణి ఆపవద్దని ఠాగూర్ సూచించారట. 1946-47లో అక్కడి హిందీ భవన్ గోడలపై మధ్యయుగ భక్తకవుల జీవితాలను చిత్రించినవాడు ఆ విద్యార్థే. యాభై ఏళ్లు దాటిన తరువాత శస్త్రచికిత్స విఫలమై ఆయన పూర్తిగా చూపు కోల్పోయారు. అయినా కాగితాలు కత్తిరించి అతికించారు, మట్టితో బొమ్మలు చేశారు, 1972లో కళాభవన్ గోడను పింగాణీ పలకలతో అలంకరించారు. ఆయన జీవితంపై సత్యజిత్ రాయ్ ‘ది ఇన్నర్ ఐ’ అనే లఘుచిత్రాన్ని నిర్మించారు.

వినోద్ బిహారీకి చూపు పోకముందే విద్య అబ్బింది. ఏ విద్యా అందని మనిషి మాటేమిటి? ఈ ప్రశ్నకు సమాధానం సముద్రాల కావల దొరుకుతుంది.

అమెరికాలో 1943లో కవల ఆడపిల్లలు పుట్టారు. వారిలో జుడిత్ స్కాట్‌కు పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్ అనే స్థితి ఉంది. దానికితోడు శైశవంలో వచ్చిన జ్వరం వలన వినికిడి పోయింది. ఆ సంగతి ఎవరూ గుర్తించలేదు. అడిగిన ప్రశ్న వినబడక ఊరకున్న బిడ్డను చదువుకు పనికిరానిదిగా నిర్ణయించారు. ఏడవ ఏట ఆమెను ఇంటికి దూరంగా ఒక సంరక్షణాలయంలో చేర్చారు. అక్కడ సుమారు 35 సంవత్సరాలు గడిచాయి. చివరకు తోబుట్టువు జాయిస్ పట్టుబట్టి ఆమెను తన వద్దకు తెచ్చుకొని, 1987లో ఓక్లండ్ నగరంలోని ‘క్రియేటివ్ గ్రోత్’ కళాకేంద్రంలో చేర్చింది. 1974లో స్థాపితమైన ఆ కేంద్రంలో ప్రవేశానికి పరీక్ష లేదు, నిర్ణీత పాఠం లేదు. వికలత్వం గల పెద్దలకు సామగ్రినీ, చోటునూ, తోడుగా కళాకారులనూ ఇస్తారు.

జుడిత్ దాదాపు రెండేళ్లు అక్కడ ఆసక్తి చూపలేదు. రంగులు ఇచ్చారు, కుంచె ఇచ్చారు, ఫలితం లేకపోయింది. సాధారణమైన శిక్షణాలయమైతే ఆ రెండేళ్లలో పేరు కొట్టివేసి ఉండేది. ఇక్కడ వేచి ఉన్నారు. ఒకనాడు దారాలతో కళాఖండాలు రూపొందించే కళాకారిణి ఒకరు శిక్షణ ఇవ్వడానికి వచ్చారు. దారం చేతికి తగలగానే జుడిత్ పని మొదలుపెట్టింది. దొరికిన కర్రపుల్లను, చక్రాన్ని, కుర్చీ ముక్కను మధ్యలో ఉంచి, రంగురంగుల నూలుతో పొరమీద పొరగా చుడుతూ, ముడివేస్తూ, లోపలి వస్తువు కనబడకుండా చేసేది. 2005లో మరణించేవరకు సుమారు రెండువందల శిల్పాలు రూపొందించింది. విమర్శకులు వాటిని పట్టుగూళ్లతో పోల్చారు. మదనపల్లె పరిసరాల పట్టురైతుకు ఆ పోలికను విప్పిచెప్పనక్కరలేదు. ఆమె ఒక్కమాట మాట్లాడలేదు, తన శిల్పానికి పేరు పెట్టలేదు. అయినా ఆ దారపు మూటలు పెద్ద పెద్ద ప్రదర్శనశాలలకు చేరాయి. అవి చేరకపోయినా ఆ కేంద్రం చేసిన పని విలువ తగ్గేది కాదు.

అటువంటి కేంద్రాలకు పునాది కాగల సంప్రదాయం పుంగనూరు, కుప్పం ప్రాంతాల పల్లెలలో లేకపోలేదు. అక్కడి ద్రౌపదీ ధర్మరాజుల ఆలయాల వద్ద జరిగే భారత ఉత్సవాలు సాధారణంగా పద్దెనిమిది రోజులు సాగుతాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. చివరినాడు దుర్యోధన వధ కోసం మైదానంలో పదుల అడుగుల పొడవున నేలపై పడుకొన్న దుర్యోధనుని మట్టిబొమ్మను తీర్చిదిద్దుతారు. దానికి మట్టి తవ్వేవారు కావాలి, నీళ్లు మోసేవారు, తొక్కి మెత్తన చేసేవారు, రంగు పూసేవారు కావాలి. ఏ ఒక్కరి సంతకమూ లేని శిల్పమది. కథలోని అంధరాజు ధృతరాష్ట్రుడు చూడలేని యుద్ధాన్ని సంజయుని నోట విన్నట్లే, చూపులేని శ్రోత పగటి హరికథలో భారతాన్నంతా గ్రహించగలడు. వినబడని ప్రేక్షకుడికి రాత్రి వేషం, అడుగు, అభినయం కథ చెబుతాయి.

అయినా ఒక వాస్తవాన్ని దాచరాదు. ఇటువంటి ఉత్సవాలలో వికలాంగులకు దక్కే చోటు చాలావరకు ప్రేక్షకుల నడుమనే. చూడటానికి రమ్మంటారు గాని చేయడానికి పిలవరు. ఇది దురుద్దేశం కాదు, జాలి. జాలి కూడా ఒక గడపే. చక్రాల కుర్చీలో కూర్చొన్న యువకుడు దుర్యోధనుని కిరీటానికి రంగు వేయలేడా? చూపులేని బాలిక ఆ మట్టిని పిసికి వేళ్లు తీర్చలేదా? కావలసినదల్లా ఎత్తు తగ్గించిన ఒక బల్ల, చదునైన దారి, చెంత నిలిచి ఓపికతో చూపించే ఒక మనిషి.

ఇది ఇప్పుడు ఔదార్యానికి వదిలిన విషయం కూడా కాదు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక సాంస్కృతిక జీవితంలో పాల్గొనడాన్ని హక్కుగా గుర్తించింది. 2007లో భారతదేశం దానిని ధ్రువీకరించింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అంతకుముందున్న 7 రకాల వైకల్యాలను 21కి విస్తరించింది. ఆ చట్టంలోని 29వ విభాగం కళలను వారికి అందుబాటులోకి తేవడం, నృత్య, చిత్రకళా తరగతులలో వారు పాల్గొనే వీలు కల్పించడం, కళాసంబంధమైన పాఠ్యక్రమాలను అందుకు తగినట్లు మార్చడం ప్రభుత్వాల బాధ్యతలుగా పేర్కొన్నది.

చట్టం దారి చూపుతుంది గాని మట్టి తడపదు. ఆ పని ఊళ్లో జరగాలి. దుర్యోధనుని బొమ్మకు తొలి తట్ట మట్టి ఎత్తేనాడు, అరుగు మీద కూర్చొని చూస్తున్నవారిని పేరుపెట్టి పిలిచి, ఇంత మట్టి వారి చేతిలో పెట్టడంతో అది మొదలవుతుంది.