ఏదైనా పర్లేదు అనకండి, పేరు చెప్పండి

పన్నెండూ నలభై. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో "లంచ్ ఎక్కడ?" అని ఒకరు అడుగుతారు. "ఏదైనా పర్లేదు" అని ఒకరు, "మీ ఇష్టం" అని ఇంకొకరు. బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకునేవారు మరొకరు. ఒంటిగంటా పదికి ఐదుగురూ లిఫ్టు దగ్గర నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉంటారు. చివరికి ఎప్పుడూ వెళ్లే బిర్యానీ హోటల్‌కే బయల్దేరతారు. టేబుల్ ఖాళీ అయ్యేదాకా పావుగంట కాపలా కాస్తారు. తిరిగొస్తున్నప్పుడు ఒకరు మెల్లగా "నిజానికి నాకివాళ పెరుగన్నం చాలనిపించింది" అంటారు. "నాకూ అంతే" అని మిగతావాళ్లు వంత పాడతారు.

చిన్న విషయమే, కాకపోతే రోజూ జరిగేది. ఏం తినాలనుందో నోరు తెరిచి చెప్పలేనివాళ్లు మీటింగులో తమ అభ్యంతరం చెప్పగలరా? జీతం పెంచమని అడగగలరా? తేల్చుకోవడం, తేల్చుకున్నది పైకి చెప్పడం అనే రెండు అలవాట్లకూ మధ్యాహ్న భోజనాన్ని మించిన చవకైన శిక్షణ లేదు. పొరపాటు జరిగినా పోయేది ఒక పూట రుచే.

నలుగురూ వద్దనుకున్న ప్రయాణం

అమెరికాలో జెర్రీ హార్వీ అనే మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ 1974లో ఒక వ్యాసం రాశాడు. అందులో తన ఇంటి సంగతే చెప్పాడు. టెక్సస్‌లోని కోల్‌మన్ అనే చిన్న ఊరు. జులై ఎండ నలభై డిగ్రీలు. అత్తామామలూ భార్యా తానూ వరండాలో ఫ్యాన్ కింద కూర్చుని డామినోలు ఆడుకుంటున్నారు. ఉన్నట్టుండి మామగారు, ఆబిలీన్ వెళ్లి అక్కడి కెఫెటేరియాలో భోంచేద్దామా అన్నాడు. ఆబిలీన్ 53 మైళ్ల దూరం, అంటే మన లెక్కలో 85 కిలోమీటర్లు. కారులో ఏసీ లేదు. భార్య బాగుంటుందంది. హార్వీకి మనసులో ఇష్టం లేకపోయినా, అత్తగారికి ఇష్టమైతే సరేనన్నాడు. అత్తగారూ తలూపింది.

నాలుగు గంటల తర్వాత ఒళ్లంతా దుమ్ముతో, చెమటతో ఇంటికి చేరారు. తిండి కూడా బాగాలేదు. అప్పుడు ఒక్కొక్కరూ బయటపడ్డారు. మీరంతా సరదా పడుతున్నారు కదా అని వచ్చానంది అత్తగారు. మిమ్మల్ని సంతోషపెట్టడానికే సరేనన్నామన్నారు భార్యాభర్తలు. చివరికి మామగారు కూడా, మీకు విసుగ్గా ఉందేమోనని అన్నానే తప్ప నాకూ వెళ్లాలని లేదన్నాడు.

ఇలాంటి పరిస్థితికి మేనేజ్‌మెంట్ పాఠాల్లో 'ఆబిలీన్ పారడాక్స్' అనే పేరు స్థిరపడిపోయింది. హార్వీ తేల్చింది ఒక్కటే. ఆ నలుగురి మధ్యా గొడవ లేదు. నలుగురి మనసులోనూ ఉన్నది ఒకే మాట. ఆ మాట పైకి రాకపోవడమే వాళ్లను ఎండలో తిప్పింది. మన ఆఫీసుల్లో ఎవరూ నమ్మని ప్రాజెక్టులకు అందరూ తలూపేదీ ఇలాగే.

మర్యాద కాదు, బరువు దింపుకోవడం

"ఏదైనా పర్లేదు" అన్నప్పుడు సర్దుకుపోతున్నామని మనకు అనిపిస్తుంది. ఎదుటివాళ్లకు మాత్రం పని రెట్టింపవుతుంది. చోటు వాళ్లే వెతకాలి, మీ మనసులో ఏముందో వాళ్లే ఊహించాలి, బాగాలేకపోతే మాట కూడా వాళ్లే పడాలి.

ఇంట్లో అయితే ఇది మరీ స్పష్టం. పొద్దున్నే అమ్మో, భార్యో "ఇవాళ క్యారేజీలోకి ఏం చెయ్యను?" అని అడుగుతారు. ఫోన్లోంచి తల ఎత్తకుండా "ఏదో ఒకటి చెయ్" అంటాం. మధ్యాహ్నం మూత తీసి "మళ్లీ బెండకాయేనా!" అని నిట్టూరుస్తాం. వంట కంటే ఏం వండాలో రోజూ ఆలోచించడమే ఎక్కువ విసుగని వండేవాళ్లను అడిగితే చెబుతారు. "టమాటా పప్పు చాలమ్మా, పక్కన రెండు వడియాలు పెట్టు" అనండి. ఆమె పనిలో సగం మీరు చేసినట్టే. రాత్రే చెప్పి, కూరగాయలు కూడా తరిగిపెడితే ఇంకా మంచిది.

స్నేహితుల మధ్య ఒక మూడు ముక్కల మాట అలవాటు చేసుకోండి. ఇష్టం, వెసులుబాటు, హద్దు. "నాకివాళ మీల్స్ తినాలనుంది. టిఫిన్ అయినా వస్తాను. బిర్యానీ మాత్రం వద్దు." ఇందులో పెత్తనం లేదు, మొహమాటమూ లేదు. ఇదే నమూనాలో సెలవు అడగవచ్చు, గడువు గురించి మాట్లాడవచ్చు.

ముందు హద్దులు, తర్వాత పేర్లు

గుంపుగా వెళ్లేటప్పుడు హోటల్ పేర్లతో మొదలుపెట్టకండి. ఎంతలో, ఎంతసేపట్లో, ఏం తినకూడనివాళ్లున్నారు అనే మూడూ ముందు తేలాలి. ఒకరికి శనివారం మాంసం పనికిరాదు. ఒకరు అయ్యప్ప మాలలో ఉంటారు. ఒకరికి షుగర్. ఇంకొకరికి నెలాఖరు. వీటిలో మొదటి మూడూ ఎలాగోలా బయటికొస్తాయి. డబ్బు సంగతి ఎవరూ చెప్పరు. "ఆకలి లేదు, మీరు వెళ్లండి" అని సీటు దగ్గరే ఉండిపోయేవారికి చాలాసార్లు ఆకలి ఉంటుంది. అందుకే "మనిషికి నూట యాభై లోపు చూద్దాం" అనే మాట, కాస్త ఎక్కువ జీతం తీసుకునేవారి నోట రావాలి. ఆ మాట అన్నవారికి పోయేదేమీ లేదు. విన్నవారిలో ఒకరికి పరువు దక్కుతుంది.

తర్వాత వంతులు పెట్టుకోండి. ఇవాళ్టి వంతు ఎవరిదో వారు మూడు పేర్లు చెప్పాలి. మిగతావాళ్లు మాట్లాడుకుని రెండు కొట్టేయాలి. మిగిలిన చోటికి నడవాలి. కొత్త పేరు తెచ్చేవారికి ఆ రోజు అవకాశం లేదు, రేపటి వంతు వాళ్లకివ్వండి. మేనేజరుగారు కూడా వస్తుంటే ఆయన ఆఖర్న మాట్లాడటం మేలు. ఆయన ముందే ఒక పేరు చెప్పేశాక "సరే సర్" తప్ప ఇంకేమీ వినిపించదు.

"నాక్కూడా అదే" అనే ముందు

హోటల్లో కూర్చున్నాక ఇంకో ఉచ్చు ఉంది. డాన్ ఏరియలీ, జోనథన్ లెవావ్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనం దీని గురించే. అమెరికాలో ఒక టేబుల్ చుట్టూ కూర్చున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పైకి చెబుతూ ఆర్డరిస్తే, ముందువాళ్లు చెప్పింది వదిలి వేరేది ఎంచుకునే ధోరణి కనిపించింది. తాము ప్రత్యేకమని చూపించుకోవాలనే ఆరాటం అది. తర్వాత, తెప్పించుకున్నది అంతగా నచ్చలేదని వాళ్లే చెప్పారు. మొదట ఆర్డరిచ్చినవారికి మాత్రం ఆ ఇబ్బంది రాలేదు. ఇలాంటి ప్రయోగమే హాంకాంగ్‌లో చేస్తే కథ తిరగబడింది. అక్కడివాళ్లు ముందువాళ్లు చెప్పిందే చెప్పారు. తృప్తి మాత్రం అక్కడా తగ్గింది.

మన టేబుళ్ల దగ్గర "నాక్కూడా అదే" ఎన్నిసార్లు వినిపిస్తుందో మీకే తెలుసు. విరుగుడు సులువు. సర్వరు రాకముందే మనసులో ఒకటి ఖాయం చేసుకోండి. పక్కవారు ఏం చెప్పినా మార్చకండి. మారిపోతానన్న భయముంటే మీరే మొదట చెప్పేయండి.

ఒంటరిగా ఉన్నప్పుడు మూడు గేట్లు

ఒక్కరే ఉన్నప్పుడు చిక్కు వేరు. ఫుడ్ యాప్ తెరిస్తే హోటళ్ల వరసకు అంతుండదు. రేటింగులు చదువుతూ, ఆఫర్లు పోలుస్తూ కూర్చుంటే ఆకలి కాస్తా తలనొప్పిగా మారుతుంది.

హెర్బర్ట్ సైమన్ అనే ఆర్థికవేత్త 1950లలోనే దీనికి దారి చూపాడు. మనిషికి ఉన్న సమయం, సమాచారం, తెలివి అన్నీ పరిమితమే, కాబట్టి అన్నిటికన్నా గొప్పది వెతకడం సాధ్యం కాదు, సరిపడే ప్రమాణం పెట్టుకుని దాన్ని అందుకున్న మొదటిదాని దగ్గర ఆగడమే తెలివైన పని అన్నాడు. సంస్థల్లో నిర్ణయాలు ఎలా జరుగుతాయన్న పరిశోధనకు 1978లో ఆయనకు ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది.

షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ 2000లో ప్రచురించిన జామ్ సీసాల ప్రయోగం చాలామందికి తెలిసే ఉంటుంది. 24 రకాలు పెట్టినప్పుడు ఆగి చూసినవారిలో 3 శాతం మందే కొన్నారు. 6 రకాలు పెడితే 30 శాతం మంది కొన్నారు. అయితే తర్వాతి పరిశోధనలన్నిట్లో ఇదే ఫలితం రాలేదు. తమకేం కావాలో ముందే తెలిసినవారిని ఎంపికల సంఖ్య అంతగా తికమక పెట్టదని తేలింది. మనం పట్టుకోవాల్సింది ఈ రెండో ముక్కే. మెనూ ఎంత పొడుగైనా మీ కొలత మీ దగ్గరుంటే చాలు.

ఆ కొలతకు మూడు గేట్లు పెట్టుకోండి. దూరం: నడిచి పది నిమిషాల్లోపు ఉందా? ధర: ఈ పూటకు అనుకున్నదానిలో వస్తుందా? పొట్ట: మూడు గంటల మీటింగులో కునుకు రాకుండా ఉంటుందా? మధ్యాహ్నం కాస్త మగత ఒంటికి సహజమే, భోజనం భారీగా చేస్తే అది ఇంకా ముదురుతుంది. మూడు గేట్లూ దాటిన మొదటి చోట ఆగండి. ఆ తర్వాతి హోటల్ ఫొటోలు చూడకండి.

కడుపు నిండుగా ఉన్నప్పుడే తేల్చుకోండి

ఆకలి మంచి సలహాదారు కాదు. డేనియల్ రీడ్, బార్బరా వాన్ లీవెన్ 1998లో ప్రచురించిన అధ్యయనంలో, ఆమ్‌స్టర్‌డామ్ ఆఫీసు ఉద్యోగులను వారం తర్వాత ఇచ్చే చిరుతిండి ఇప్పుడే ఎంచుకోమన్నారు. కడుపు ఖాళీగా ఉండగా అడిగినప్పుడు పండ్లను వదిలి చిప్స్, చాక్లెట్ల వైపు మొగ్గినవారు పెరిగారు. తినబోయేది వారం తర్వాతైనా సరే!

కాబట్టి రేపటి లంచ్ ఇవాళ భోజనమయ్యాక తేల్చేయండి. వారానికో చిన్న పట్టిక ఉంటే ఇంకా నయం. మూడు రోజులు ఇంటి క్యారేజీ. ఒక రోజు అన్నం మాత్రం వండుకెళ్లి కర్రీ పాయింట్‌లో ఒక కూర, ఒక పప్పు. ఒక రోజు స్నేహితులతో బయట. ఏ రోజైనా కంచం వైపు ఒకసారి చూడండి. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, కూరగాయలూ ఆకుకూరలూ పండ్లూ కంచంలో సగం ఉండాలని బొమ్మ గీసి మరీ చూపించింది. మన కంచాల్లో ఆ సగం చోటును అన్నం ఆక్రమించుకుని ఉంటుంది.

ఎంపిక లేకపోవడం కూడా ఒక సుఖమే. కాకినాడ సుబ్బయ్యగారి హోటల్ లాంటి చోట కూర్చుంటే ఏం కావాలని ఎవరూ అడగరు. వరసగా వడ్డించుకుంటూ పోతారు. తినడం ఒక్కటే మన పని.

తేల్చాక వెనక్కి చూడొద్దు

కూర ఉప్పగా ఉందా? రేపు ఇంకో చోటికి వెళ్లండి. "ఆ హోటల్‌కే వెళ్లుంటే బాగుండేది" అని మూడుసార్లు అంటే మీ భోజనం బాగుపడదు. చోటు సూచించిన మనిషి మాత్రం రేపటినుంచి నోరు మూసుకుంటారు. వాళ్లు కూడా "ఏదైనా పర్లేదు" బ్యాచ్‌లో చేరిపోతారు. చెప్పినవారిని ముందు మెచ్చుకుని, లోపం తర్వాత చెప్పండి.

అన్ని నిర్ణయాలూ ఇంత వేగంగా తేల్చమని కాదు. ఇల్లు కొనడం, ఉద్యోగం మారడం, పెళ్లి సంబంధం లాంటివాటికి నెలలు పట్టినా తప్పులేదు, ఎందుకంటే అవి వెనక్కి తిరగవు. రేపు మధ్యాహ్నం దిద్దుకోగలిగిన నిర్ణయాలకు రెండు నిమిషాలు చాలు. ఏది ఏ కోవలోదో గుర్తుపట్టగలిగితే, పెద్దవాటికి కావాల్సిన తీరిక చిన్నవాటి నుంచే దొరుకుతుంది.

ఈ వారం ఐదు పనిదినాలూ ఒకే ఒక్క సాధన చేయండి. ఎవరైనా "ఎక్కడికి?" అని అడిగితే పది సెకన్లలో ఒక పేరు, ఒక కారణం చెప్పండి. కాదన్నా ఫర్వాలేదు. కాదన్నవారు ఇంకో చోటి పేరు చెప్పాల్సి వస్తుంది కదా, అక్కడినుంచి ఐదు నిమిషాల్లో అందరూ విస్తరి ముందుంటారు.