విరిగిన ముక్కను పారేయకండి

బండి వెనక షాకబ్జర్ బోల్టు విరగ్గానే ముక్కను కాలవలోకి విసిరేసి, అదే సైజుది కొనడానికి పరిగెత్తుతాం. ఆగండి. జవాబు ఆ ముక్కలోనే ఉంది. గుడ్డతో తుడిచి ఎండలో చూడండి. ఒక అంచు నుంచి అలల్లాంటి చారలతో నున్నగా కొంత, మిగతాది గరుకుగా కనిపిస్తే అది నిన్న విరిగింది కాదు. చాలాకాలంగా కొద్దికొద్దిగా చీలుతూ వచ్చి, మిగిలిన కాస్త ఇనుమూ నిన్న తెగింది. రేపల్లె దారిలో భట్టిప్రోలు దాటాక తగిలిన గోతిని తిట్టి లాభం లేదు.

మార్పులు చేయించిన బళ్లలో తరచూ జరిగేది ఇదీ: వెడల్పు టైరుకు అడ్డం రాకుండా షాకబ్జర్‌ను బయటికి జరుపుతారు. సందులో వాషర్లు పేర్చి పొడుగు బోల్టు బిగిస్తారు. దానికి ఒక్కవైపే పట్టు, రెండో కొన గాలిలో. తెనాలి నుంచి రేపల్లె దాకా ప్రతి కుదుపుకీ అది వంగి లేస్తుంది. థ్రెడ్డు మొదలయ్యే చోటే బరువు పడితే పగులు అక్కడే పుడుతుంది. బాపట్లలో సూర్యలంక ఉప్పుగాలి తగిలే బండికి తుప్పు కూడా తోడు.

బోల్టు విరిగినప్పుడే మన స్వభావం బయటపడుతుంది. ఒకరు దిష్టి అని నిమ్మకాయ కడతారు. ఒకరు మెకానిక్ మీద పడతారు. పట్టుదల ఉన్నవారు ఇంకా గట్టి బోల్టు తెస్తారు. తలమీద 8.8 అని ఉంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు 80 కిలోల లాగుడు తట్టుకుంటుంది, 12.9 అయితే 120 దాటుతుంది. ఆ పట్టుదలంటే నాకు గౌరవమే, కానీ చాలదు. వంపు అలాగే ఉంటే బోల్టు నిలిచినా, చాసిస్‌కు వెల్డింగ్ చేసిన పట్టీ చీలుతుంది.

మనుషుల విషయంలోనూ ఇంతే. దుకాణంలో ముగ్గురు కుర్రాళ్లు వరసగా మానేస్తే, ఇంకాస్త ఓపికున్న నాలుగో కుర్రాడి కోసం వెతుకుతాం. ఆ ముగ్గురూ ఏ పని దగ్గర, ఎవరి మాటకు విసిగారో అడగం. ప్రతి పండక్కీ ఇంట్లో అదే గొడవైతే ఈసారి ఓర్చుకోవాలని ఒట్టు పెట్టుకుంటాం. ఓర్పు మంచిదే. బరువు ఎక్కడ పడుతోందో చూడటం అంతకంటే ముందు పని.

బండి సంగతికొస్తే, అది చూశాక చేసేది తక్కువే. బోల్టు రెండో కొనకూ బయటినుంచి పట్టీ కట్టించండి. షాకబ్జర్ బుష్‌లో థ్రెడ్డు కాకుండా నున్నటి కాడ కూర్చునే బోల్టు వేయించండి. అది చేత్తోనే దూరాలి. సుత్తి కావాల్సి వచ్చిందంటే కన్నాలు వరసలో లేనట్టే. అసలా వెడల్పు టైరు అవసరమా అనీ ఆలోచించండి. రిజిస్ట్రేషన్‌లోని కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది.

బిగించాక నట్టు మీదుగా పట్టీ దాకా రంగుతో ఒక గీత గీయండి. ముందు ఊళ్లోనే తిరిగి, ఆ గీత జరగలేదని చూసుకున్నాకే రేపల్లె బయల్దేరండి.