రంగు అటు, అమీన్ ఇటు

ఆదోని అంటే పత్తి మార్కెట్, ఎమ్మిగనూరు అంటే మగ్గం. మాచాని సోమప్ప గారు 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరది. రంగు తొట్టిలో ముంచి తీసిన నూలు చిలపలు దండేల మీద ఆరడం మా వైపు వాళ్లకి కొత్తేం కాదు. ఆ రంగులో ఏముందో మాత్రం కంటితో చూసి చెప్పలేం.

బట్టలకి వాడే రంగుల్లో అజో రంగులదే పెద్ద వాటా. వీటిలో రెండు నైట్రోజన్ పరమాణువులు జంటగా ఉంటాయి. ఆ జంట తెగితే ఆరోమాటిక్ అమీన్లు బయటికొస్తాయి. అన్నీ ప్రమాదం కాదు గానీ, బెంజిడీన్ లాంటివి మూత్రాశయ క్యాన్సర్ తెస్తాయి. అందుకే 1997లో మన ప్రభుత్వం 70 అజో రంగుల్ని నిషేధించింది. యూరప్‌కి పోయే గుడ్డలో ఇలాంటి అమీన్ ఒక్కోటి కిలోకి 30 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే సరుకు వెనక్కొస్తుంది. తొట్టిలో వట్టి చేతులు పెట్టినవాళ్ల సంగతి ఏ సర్టిఫికెట్‌లోనూ ఉండదనుకోండి.

పరీక్షలో ముందు గుడ్డముక్కని హైడ్రోస్‌తో వేడిచేసి ఆ జంటని తెంపుతారు. అవును, రంగులద్దేవాళ్లు వాడే హైడ్రోసే. ఇప్పుడు గొట్టంలో ఉప్పులు, మిగిలిన రంగు, వాటి మధ్య ఎక్కడో కాస్త అమీన్. మామూలుగా దాన్ని సాల్వెంట్‌తో లాగి క్రొమాటోగ్రఫీకి పంపుతారు. ఇదే పని కరెంటుతో చేయొచ్చా?

2006లో నార్వేలో పెడర్సన్-బెర్గార్డ్, రాస్ముసెన్ అనే ఇద్దరు మందుల మీద చేసి చూపించారు. సన్నని పాలీప్రొపిలీన్ గొట్టం తీసుకున్నారు. దాని గోడ రంధ్రాల్లో నీళ్లతో కలవని ద్రవం నింపారు. లోపల కొన్ని చుక్కల యాసిడ్ నీళ్లు, బయట శాంపిల్, రెండింట్లో చెరో ప్లాటినం తీగ. 300 వోల్టులు పెడితే 5 నిమిషాల్లో మందు గోడ దాటి లోపలికొచ్చింది.

అమీన్‌కీ సూత్రం అదే. యాసిడ్‌లో అది ప్రోటాన్ పట్టుకుని పాజిటివ్ అవుతుంది, లోపలున్న నెగటివ్ తీగ వైపు నడుస్తుంది. సల్ఫోనేట్ ఉన్న రంగు యాసిడ్‌లో కూడా నెగటివ్‌గానే ఉండి, బయటి పాజిటివ్ తీగ దగ్గరే ఆగిపోతుంది. రెండూ ఒకే తొట్టిలో పుట్టినా దారులు వేరు! నాకు ఈ టాపిక్ నచ్చిందే ఇక్కడ. కాకపోతే నీళ్లంటే మరీ ఇష్టపడే అయాన్లు ఆ గోడలోకి దిగడానికి మొరాయిస్తాయి. వాటికి గోడలో ఒక క్యారియర్ కలపాలి. చార్జ్ లేనివాటిని ఫీల్డ్ అసలు లాగదు. వచ్చింది ఏ అమీనో చెప్పాల్సింది మళ్లీ క్రొమాటోగ్రఫీయే.

హాస్టల్లో చిన్నది చేసి చూడండి. ఫిల్టర్ పేపర్ పట్టీని వంటసోడా నీళ్లతో తడిపి, నెగటివ్ చివర దగ్గర స్వీట్లలో వాడే ఆకుపచ్చ రంగు చుక్క పెట్టండి. చివరలకి పెన్సిల్ లెడ్లు, వాటికి వరసగా కలిపిన 5 తొమ్మిది వోల్టుల బ్యాటరీలు. ప్లగ్ పాయింట్ జోలికి మాత్రం పోవద్దు. పట్టీ ఆరకుండా పైన మూత పెట్టండి. కాసేపటికి పసుపు ముందుకి, నీలం వెనక్కి విడిపోతాయి. నేను మొదటిసారి సోడా బదులు ఉప్పు వేశా. క్లోరిన్ వాసనకి రూమ్మేట్ కిటికీలన్నీ తెరిచాడు.