ఇరుగు పొరుగు దేశాలు – అవినీతి తెగులు



సముద్రపు పాయపై వేసిన ఒక కిలోమీటరు కట్ట దాటితే చాలు, సింగపూరు నుండి మలేషియాలో అడుగుపెడతాం. రెండింటినీ ఆంగ్లేయులు పాలించారు. 1963 నుండి 1965 వరకు రెండూ ఒకే దేశం. అవినీతిని శిక్షించే చట్టాలు రెండు చోట్లా ఉన్నాయి. అయినా పెద్దవారిపై ఆరోపణ వచ్చినప్పుడు ఆ ప్రభుత్వాలు నడచిన దారులు వేరు. ఎందువలన?

మొదట సింగపూరును చూద్దాం. అక్కడి అవినీతి నిరోధక సంస్థ 1952లో ఏర్పడింది. అది ప్రధానమంత్రి కార్యాలయం క్రింద పనిచేస్తుంది. మరి ప్రధానమంత్రే దర్యాప్తు వద్దంటే? దేశాధ్యక్షుని సమ్మతితో సంస్థ అధిపతి ముందుకు సాగవచ్చునని 1991లో రాజ్యాంగాన్ని సవరించారు. 2023 జూలైలో రవాణా మంత్రి ఈశ్వరన్‌ను అరెస్టు చేశారు. అప్పటికి ఆయన ఇంకా మంత్రి పదవిలోనే ఉన్నారు. పదవిలో ఉండి విలువైన కానుకలు పుచ్చుకున్నందుకు, న్యాయవిచారణకు అడ్డుపడినందుకు 2024 అక్టోబరులో న్యాయస్థానం 12 నెలల జైలుశిక్ష విధించింది.

ఇక మలేషియా. 2009లో అక్కడ 'వన్ ఎండీబీ' అనే ప్రభుత్వ పెట్టుబడి సంస్థ వెలసింది. దాని నుండి 450 కోట్ల డాలర్లకు పైగా దారి మళ్లాయని అమెరికా న్యాయశాఖ లెక్క తేల్చింది. వేలు ప్రధాని నజీబ్ రజాక్ వైపు చూపింది. 2015 జూలైలో ఆయన అటార్నీ జనరల్‌ను తొలగించారు. ప్రశ్నించిన ఉపప్రధానినీ తప్పించారు. కొత్త అటార్నీ జనరల్ 2016 జనవరిలో ప్రధాని నేరమేమీ లేదన్నారు. కంచే చేను మేసినప్పుడు కాపలా ఎవరిది?

ఆ కాపలా ఓటర్లు కాశారు. స్వాతంత్ర్యం నాటి నుండి ఏలుతున్న కూటమిని 2018 మేలో గద్దె దింపారు. నజీబ్‌కు 2020లో 12 ఏళ్ల శిక్ష పడింది. 2022 ఆగస్టులో జైలుకు వెళ్లారు. అయితే 2024లో క్షమాభిక్ష మండలి ఆ శిక్షను సగానికి తగ్గించింది.

దీనినుండి మనం గ్రహించవలసినది ఒకటుంది. చట్టం ఎంత కఠినమైనదైనా, దర్యాప్తు తాళంచెవి నిందితుని జేబులోనే ఉంటే అది పనిచేయదు. ఒకరు తలుపు మూస్తే తెరవడానికి రెండవ చేయి ఉండాలి. ఆ ఏర్పాటు ముందే ఉన్నచోట నెలల్లో పని జరిగింది. లేనిచోట ప్రజలు ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది.

ఈ వారం మీ ఇంట చర్చించండి: మన సంఘంలో, మన పంచాయతీలో లెక్కలు చూసేవారిని నియమించేది ఎవరు? తొలగించగలిగేది ఎవరు? రెండింటికీ జవాబు, లెక్క చెప్పవలసిన మనిషే అయితే జాగ్రత్తపడవలసిన సమయం అదే.