వరంగల్‌లో మూసుకుని సూరత్‌లో తెరుచుకునే తలుపు

సూరత్ నుంచి భరూచ్ వైపు వెళ్లే మెమూ రైలు సాయణ్ దాటాక, కోసంబా ఇంకా రాకముందు కిమ్‌లో ఆగుతుంది. ఓల్పాడ్ తాలూకాలోని చిన్న పట్టణమది. రైలెక్కితే ఒకవైపు సూరత్ బట్టల మార్కెట్లు, మరోవైపు అంకలేశ్వర్ రసాయన పరిశ్రమలు. సాంచాల (మరమగ్గాల) పని కోసం తెలంగాణ నుంచి సూరత్ ప్రాంతానికి వచ్చి స్థిరపడిన చేనేత కుటుంబాల పిల్లలు ఇప్పుడు గుజరాత్ బోర్డు పరీక్షలు రాస్తున్నారు. ఫలితాల రోజు ఊళ్లోని పెదనాన్న ఫోన్ చేసి మార్కులెన్నని అడుగుతాడు. ఆ వెంటనే, "మరి ఎంసెట్ రాస్తున్నవా?" అంటాడు.

పేరు ఎప్‌సెట్‌గా మారినా పెద్దల నోట్లో అది ఇంకా ఎంసెటే. చిక్కు అక్కడే మొదలవుతుంది. తెలుగు రాష్ట్రాల్లో 85 శాతం సీట్లు స్థానికులకే. స్థానికత తేల్చేది ప్రధానంగా ఎక్కడ చదివారన్నదే కానీ, తాత ఊరు కాదు. చిన్నప్పటి నుంచీ కిమ్‌లో చదివిన అమ్మాయి ఆ లెక్కలో బయటి మనిషి.

అయితే ఇదే నియమం తిరగేస్తే లాభం. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకు కేటాయిస్తారు. సొంత రాష్ట్రం అంటే పన్నెండో తరగతి పాసైన రాష్ట్రం. అంటే ఆ అమ్మాయి వరంగల్ ఎన్ఐటీకి పరాయిది, 1961లో మొదలైన సూరత్ ఎస్‌వీఎన్‌ఐటీకి ఇంటిపిల్ల. జేఈఈ మెయిన్‌లో మంచి ర్యాంకు వచ్చినా ఈ సంగతి తెలియక వరంగల్ మీదే ఆశ పెట్టుకుని సూరత్‌ను వదిలేస్తే నష్టం తనకే.

రిజర్వేషన్ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి చేరి, అక్కడే పన్నెండో తరగతి పూర్తిచేసిన ఒక విద్యార్థి ఎస్టీ కోటాలో మెడికల్ సీటు కోరాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న ఎస్టీ హోదా మహారాష్ట్రకు వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. వలస కుటుంబాల చదువుకు సంబంధించి అంత ముఖ్యమైన తీర్పు గురించి కోచింగ్ సెంటర్ల కరపత్రాల్లో ఒక్క ముక్కా ఉండదు.

భాష సంగతీ చూసుకోవాలి. జేఈఈ మెయిన్, నీట్ రెండూ తెలుగులో ఉన్నాయి, కానీ తెలుగు ప్రశ్నపత్రం ఇచ్చేది తెలుగు రాష్ట్రాల కేంద్రాల్లోనే. సూరత్‌లో రాసేవాళ్లు ఇంగ్లిష్, హిందీ, గుజరాతీ వంటివాటిలో ఒకటి ఎంచుకోవాలి. రాష్ట్ర ఇంజినీరింగ్, ఫార్మసీ ప్రవేశాలకు రాసే గుజ్‌సెట్‌లో ఉన్నవీ ఆ మూడే. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మీడియం ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్న మాట నిజమే, అది మెచ్చుకోదగ్గ పనే. అక్కడ మొదలైన చదువు పై తరగతులకు వచ్చేసరికి ఏ భాషలోకి మళ్లాలో ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.

ఇక ఫీజులు. గుజరాత్ ప్రభుత్వం 2015లో తెచ్చిన ముఖ్యమంత్రి యువ స్వావలంబన్ యోజన కింద, కుటుంబ వార్షికాదాయం 6 లక్షలు మించకుండా, బోర్డులో 80 పర్సెంటైల్ ఉన్నవాళ్లకు సాయం అందుతుంది. ఇక్కడ పర్సెంటైల్‌ను శాతంగా పొరబడితే తిప్పలే. 80 పర్సెంటైల్ అంటే నూటికి ఎనభై మార్కులు రావడం కాదు, పరీక్ష రాసిన నూరు మందిలో ఎనభై మంది కన్నా ముందుండటం. అరవై చిల్లర శాతం వచ్చిందని దరఖాస్తే పెట్టకుండా ఊరుకునేవాళ్లు ముందు మార్కుల జాబితాలో పర్సెంటైల్ గడి చూసుకోవాలి.

పన్నెండు దాకా ఆగకుండా పదితోనే దారి మార్చుకోవచ్చు. సూరత్ మజూరా గేట్ దగ్గరి గాంధీ ఇంజినీరింగ్ కాలేజీలో టెక్స్‌టైల్ డిప్లొమా ఉంది. మూడేళ్లు పూర్తిచేస్తే డిగ్రీ ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో నేరుగా చేరవచ్చు. సాంచాల మోత మధ్య పెరిగిన పిల్లలకు ఈ చదువు చిన్నచూపుగా అనిపించడం సహజం. నాన్న చేసిన పనే మళ్లీ ఎందుకన్నది వాళ్ల ప్రశ్న. కానీ నాన్న నడిపింది యంత్రాన్ని, ఇక్కడ నేర్పేది ఆ యంత్రం వెనుక ఉన్న లెక్కను.

యాదాద్రి జిల్లా శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఉదాహరణ ఇక్కడ అక్కరకొస్తుంది. ఆరో తరగతితో బడి మానేసి, తర్వాత ప్రైవేటుగా పది పాసయ్యాడు. ఒక్కో చీరకు ఆసు పోయడానికి (నేతకు ముందు నూలు సిద్ధం చేయడానికి) తల్లి వేలసార్లు చెయ్యి ఆడిస్తూ భుజం నొప్పితో బాధపడటం చూసి, 1999లో ఆసు యంత్రం తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. చదువు అక్కర్లేదనడానికి ఈ కథను వాడుకునేవాళ్లున్నారు, అది అన్యాయం. యంత్రం కొలిక్కి రావడానికి ఏళ్లు పట్టింది. మోటార్లు, ఎలక్ట్రానిక్స్ గురించి ఎవరూ పాఠం చెప్పకపోవడం వల్ల ప్రతి మెట్టూ సొంతంగా తడుముకోవాల్సి వచ్చింది. డిప్లొమా క్లాసులో కూర్చునే కుర్రాడికి ఆ తడుములాటలో కొంతైనా తప్పుతుంది.

దరఖాస్తుల వేళ చూసుకోవాల్సింది ఇంకొకటుంది. గుజరాత్ కాగితాల్లో ఇంటిపేరు, పేరు, తండ్రిపేరు వరుసగా పూర్తిగా రాస్తారు. తెలుగు ఇళ్లలో ఇంటిపేరు పొడి అక్షరంగా మిగిలిపోతుంది. ఆధార్‌లో ఒక తీరు, స్కూలిచ్చే ఎల్‌సీ (లీవింగ్ సర్టిఫికెట్)లో మరో తీరు ఉంటే సర్టిఫికెట్ల పరిశీలనలో ఆపేస్తారు. సరిచేయించుకోవడానికి ఫలితాల తర్వాత దొరికే వ్యవధి సరిపోదు. పన్నెండో తరగతిలో చేరిన ఏడాదే బడి ఆఫీసుకెళ్లి చూసుకుంటే జూన్‌లో పరుగులుండవు.